పశువుకు జబ్బు చేస్తే ఎవరిని పిలవాలి?

మా దోమ మండలం ఊళ్లలో సంచి తగిలించుకొని వచ్చి సూది వేసే ప్రతివారినీ "డాక్టరు సారూ" అనే పిలుస్తాం. పిలుపు ఒకటే అయినా చదువులు వేరు. పాలిచ్చే బర్రె చచ్చిపోతే ఆ ఇంటి పిల్లల చదువే ఆగిపోవచ్చు కనుక ఈ తేడా హాస్టలు తమ్ముళ్లకు తెలియాలి.

గోపాలమిత్ర ముఖ్యమైన పని ఎదకు వచ్చిన పశువుకు కృత్రిమ గర్భధారణ చేయడం. అందులో ఆయన చేయి తిరిగినవారే. డిప్లొమా చదివిన పశువైద్య సహాయకులు టీకాలు, నట్టల మందు, గాయాలకు కట్టు వంటివి చూస్తారు. వానలకు ముందు గొర్రెలకు చిటుక రోగం టీకాకు వీరు చాలు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం వీరు డాక్టరు పర్యవేక్షణలోనే పనిచేయాలి.

ఐదున్నరేళ్ల బి.వి.ఎస్సీ. చదివి, మండలిలో పేరు నమోదైనవారే అసలు డాక్టరు. ఈత కష్టమైతే నలుగురు కలిసి తాడు కట్టి లాగుతారు, గర్భసంచి చిరుగుతుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో బర్రె లేవలేక, చెవులు చల్లబడితే అది పాల జ్వరం కావచ్చు. కాల్షియం నరానికి మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగుతుంది. ఈ రెండింటికీ డాక్టరే రావాలి. శస్త్రచికిత్సకు, గర్భకోశ వ్యాధులకు రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో వేరువేరు విభాగాలే ఉన్నాయి.

మన రాష్ట్రంలో 2017లో 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు మొదలయ్యాయి. ఫోను చేసినప్పుడు ఈని ఎన్నాళ్లైందో, మేత ఎప్పుడు మానిందో చెప్పాలి. అప్పటికే ఎవరైనా సూది వేసి ఉంటే, ఆ ఖాళీ సీసా పారేయకుండా డాక్టరుకు చూపాలి.