అసలైన బెర్రీ మన కొండ మీదే ఉంది

బెర్రీ అనగానే మనకి స్ట్రాబెర్రీ గుర్తొస్తుంది. కానీ బోటనీ లెక్కలో స్ట్రాబెర్రీ అసలు బెర్రీయే కాదు. మా ఉదయగిరి కొండల్లో ముళ్లపొదలకి కాసే కలివిపండు మాత్రం నిజమైన బెర్రీ.

కలివిది గన్నేరు కుటుంబం. కాయ తుంచితే పాలు కారతాయి. పండితే నల్లగా, తియ్యగా ఉంటుంది. తోటల్లో పెంచే దీని చుట్టం వాక్కాయ. మనం పప్పులో, పులిహోరలో వేసుకునేది అదే. కేకు మీద ఎర్రగా మెరిసే 'చెర్రీ' కూడా చాలాసార్లు గింజ తీసి, రంగు వేసి, పాకంలో ఊరబెట్టిన వాక్కాయే!

ఇక పాఠంలోకి వద్దాం. గింజ నుంచి మొలిచిన మొక్కలో తల్లి జన్యువులు, తండ్రి జన్యువులు కలుస్తాయి. అందుకే పక్కపక్కన ఉన్న రెండు కలివి పొదలు కూడా అచ్చం ఒకేలా ఉండవు. ఒకటి కరువుకి బాగా తట్టుకోవచ్చు, ఇంకోదానికి కాయ పెద్దది కావచ్చు. దీన్నే జన్యు వైవిధ్యం అంటారు. ఒకే మంచి చెట్టు నుంచి అంట్లు కట్టి తోటంతా నాటితే అన్నీ ఆ చెట్టుకి కాపీలే. ల్యాబ్‌లో అన్ని సిస్టమ్స్‌లోనూ ఒకటే సాఫ్ట్‌వేర్ ఉన్నట్టు, ఒక్క వైరస్ చాలు. 1845లో ఐర్లాండ్‌లో ఇదే జరిగింది. ఎక్కువగా ఒకటే రకం బంగాళదుంప నాటారు. తెగులు సోకి పంట పోయింది, లక్షల మంది ప్రాణాలూ పోయాయి. పంటకి ఇలాంటి కష్టమొస్తే శాస్త్రవేత్తలు తట్టుకునే జన్యువు కోసం దాని అడవి చుట్టాల దగ్గరికే వెళ్తారు.

మరి మన అడవి చుట్టం సంగతేంటి? జీఐ గుర్తింపు ఉన్న ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలకి నర్ది, బిక్కితో పాటు కలివి కర్ర కూడా వాడతారు. గరిటెకి లావు కర్ర కావాలి కాబట్టి బాగా ఎదిగిన పొదే ముందు తెగుతుంది. గింజ రాల్చకముందే అది పోతే, దాని జన్యువులూ దానితోనే పోతాయి. అలాగని కర్ర కొట్టొద్దంటే చేతిపనివాళ్ల పొట్ట కొట్టినట్టే. పక్కనున్న కడప జిల్లాలో ఈ పొదల పేరే పెట్టుకున్న కలివికోడి 1900 తర్వాత కనిపించక, 1986లో మళ్లీ దొరికింది. పోయిన జన్యువు అలా తిరిగి రాదు.

దారి ఒకటుంది: గింజలు నాటి, పొలాల చుట్టూ కంచెగా కలివి పెంచడం. కానీ వంద గింజలూ ఒక్క పొద నుంచే తెస్తే లాభం లేదు. పది చోట్ల నుంచి పదేసి తేవాలి. మెషిన్ లెర్నింగ్‌లో డేటా ఒకే చోట తీసుకోకూడదని చదువుకున్నాం కదా, ఇక్కడా అదే రూల్. గింజలు దాచిపెట్టకుండా తీసిన వెంటనే నాటాలి. ఆత్మకూరు, ఉదయగిరి వైపు వాళ్లెవరైనా ఈసారి పళ్ల కాలంలో నాతో వస్తారా?