అరుదైన నరాల జబ్బు: సరైన డాక్టరు దగ్గరికి దారి



పిల్లల్లో వచ్చే కొన్ని మార్పులు ముందుగా తరగతి గదిలోనే బయటపడతాయి. గుండ్రంగా రాసే పిల్లవాడి చేతిరాత వంకర్లు పోతుంది. మాట ముద్దగా వస్తుంది, చేతులు వణుకుతాయి, ఊరికే కోపం వస్తుంది. ఇంట్లో బద్ధకమంటారు, కొందరు గాలి సోకిందంటారు. ఒక్కోసారి అది విల్సన్ వ్యాధి కావచ్చు.

ఈ వ్యాధిలో ఆహారంలోని అదనపు రాగి బయటికి పోక కాలేయంలో, మెదడులో పేరుకుంటుంది. తొందరగా గుర్తిస్తే మందులతో అదుపులో ఉంటుంది. మందులు జీవితాంతం వాడాలి. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఇది వస్తుంది. అందుకే దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో ముప్పు ఎక్కువ. ఒక బిడ్డకు వస్తే తోబుట్టువులలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వాళ్లందరికీ పరీక్ష చేయించాలి.

ఎక్కడికి వెళ్లాలి?

1. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో ఈఎస్ఐ కార్డున్న కార్మికుల కుటుంబాలు ముందు తమ డిస్పెన్సరీలో రిఫరల్ అడగాలి. అక్కడి నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ సూపర్ స్పెషాలిటీకి వెళ్లే వీలుంది.

2. పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీతో పాటు జన్యు వైద్య విభాగం కూడా ఉంది. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒక ప్రత్యేక కేంద్రం. ఆ విధానం జాబితాలోని జబ్బులకు రూ. 50 లక్షల వరకు సాయం దొరుకుతుంది. మన రోగి జబ్బు అందులో ఉందో లేదో అక్కడే అడగాలి.

3. ఏ న్యూరాలజిస్టునైనా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ఇలాంటి రోగులను మీరు చూస్తుంటారా? లేకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు?" ఇలా అడగడం అమర్యాద కాదు.

4. పాత చీటీలు, రిపోర్టులు తేదీల వరుసలో ఒక ఫైల్‌లో పెట్టాలి. వాడిన మందుల పేర్లు రాయాలి. వణుకు, మూర్ఛ వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయాలి. కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉందేమో, పెళ్లి బంధుత్వం ఏమిటో చెప్పాలి.

మనం జకాత్, సదఖా సొమ్ము ఎక్కువగా చివరి ఆసుపత్రి బిల్లుకే ఇస్తుంటాం. రోజుకూలీకి మొదటి అడ్డంకి అంతకంటే చిన్నది: పోయే కూలి, బస్సు ఛార్జీ, ఒక రక్త పరీక్ష, ఓపీ వరుసలో తోడు నిలబడే చదువుకున్న మనిషి. ఆ అడ్డంకి దగ్గరే కుటుంబాలు ఆగిపోతాయి, నెలలు గడుస్తాయి. ఈ ఏడాది మీరిచ్చే దానిలో కొంత ఆ మొదటి ప్రయాణానికి కేటాయించండి. డబ్బు ఇవ్వలేనివారు ఒక రోజు తోడుగా వెళ్లండి.