అంతర్జాల సమూహాలు – చిరువ్యాపారి

వ్యాపారమనగానే మనకు కొనుట, అమ్ముట అనే రెండు క్రియలే స్ఫురిస్తాయి. కాని మన పల్లెల వారపు సంతను శ్రద్ధగా పరిశీలించినచో, ఈ రెంటికంటె ముందు మూడవ క్రియ ఒకటి జరుగుతున్నట్లు గ్రహింపవచ్చు. అది సంభాషణ. విత్తనాలు అమ్మే వ్యక్తి ముందుగా ధర చెప్పడు. రైతు చేను ఎర్రనేలయా, నల్లరేగడియా అని అడుగుతాడు. కుండలమ్మే ఇల్లాలు కుండను వ్రేలితో కొట్టి చూపి, పగులులేని కుండ ఖంగున మ్రోగుతుందని, పగులున్నది పేలవంగా పలుకుతుందని తెలియజేస్తుంది. ఆ పరీక్ష నేర్చుకొన్నవాడు ఆమె వద్దనే కొనవలెనన్న నియమం లేదు. ప్రక్క దుకాణంలోనూ కొట్టి చూచుకొనగలడు. అయినను మరుసటి వారం అతడు వెదుకుచు వచ్చేది ఆమెనే. తనకు నష్టం కలిగే అవకాశమున్నా తెలిసినదానిని దాచుకోని మనిషి ఆమె అని అతనికి అర్థమైనది.

నేడు ఈ సంత అంతర్జాలంలోనికి కూడ విస్తరించినది. మిద్దెతోటలు పెంచేవారు, చిరుధాన్యాల వంటలు చేసేవారు, చేనేత చీరలను ప్రేమించేవారు ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి మాధ్యమాలలో సమూహాలుగా ఏర్పడి అనుభవాలను పంచుకొంటున్నారు. పత్రికలలోను, దూరదర్శన్‌లోను ప్రకటనలిచ్చే స్తోమత లేని చిరువ్యాపారికి ఈ సమూహాలు సహజంగానే ఆశ కల్పిస్తాయి. అయితే ఆ వాకిలిలో అడుగుపెట్టే తీరులు రెండు. తన సరుకు బొమ్మను, ధరను, ఫోన్ నంబరును అంటించి వెళ్ళిపోవుట మొదటిది. దీనిని సభ్యులు పెండ్లి పందిరిలో బుట్టతో దూరిన బేరగానిని చూచినట్లు చూస్తారు. అనేక సమూహాలు ఇట్టి ప్రకటనలను నిషేధిస్తాయి. కొన్ని వారానికి ఒక దినాన్ని మాత్రం అమ్మకాలకు కేటాయిస్తాయి. రెండవది సభ్యులలో ఒకడుగా మెలగుట. ఇందులో ఫలితం ఆలస్యంగా వస్తుంది. కొన్నిసార్లు అసలే రాదు. అయినను చిరువ్యాపారికి నిలకడైన ఆదరణ లభించేది ఈ మార్గంలోనే.

ఇందుకు అమెరికాలోని అల్లికల లోకం చక్కని నిదర్శనం. 2007లో ఫోర్బ్స్ దంపతులు బోస్టన్‌లో ‘రావెల్రీ’ అనే అంతర్జాల వేదికను నెలకొల్పినారు. ఊలుతో అల్లికలు చేసే భార్యకు కావలసిన నమూనాలు, వివరాలు ఒకచోట లభించుట లేదు. భర్త స్థానంలో ఉన్న ప్రోగ్రామర్ ఆ కొరత తీర్చుటకు పూనుకొనగా వెలసినది ఈ వేదిక. కాలక్రమంలో లక్షలాది అల్లికదారులు ఇందులో చేరినారు. అల్లిక పూర్తిచేసిన ప్రతి సభ్యురాలు తాను వాడిన ఊలు ఏది, సూది పరిమాణమెంత, నమూనాలో ఏ మార్పు చేసినది, ఎక్కడ చిక్కుపడినది ఇందులో వ్రాసిపెట్టవచ్చు. అనగా ఒక నమూనా మంచిదో చెడ్డదో చెప్పేది అమ్మినవారి ప్రకటన కాదు. దానిని చేతితో అల్లి చూచినవారి అనుభవం.

ఈ వేదికపై ఇంటి వద్దనే కూర్చొని నమూనాలు రూపొందించి అమ్ముకొనే స్త్రీలు, చిన్న తొట్లలో ఊలుకు రంగులద్దేవారు ఎందరో జీవనోపాధి పొందినారు. వారు చేసిన పని ఏమి? కొత్తగా నేర్చుకొనేవారు ఫలానా వరుసలో కుట్లు తగ్గినవని వాపోయినప్పుడు సమాధానం చెప్పినారు. నమూనాలో పొరపాటు బయటపడినప్పుడు దానిని అందరి ఎదుట ఒప్పుకొని దిద్దుపాటు ప్రకటించినారు. ఒకే నమూనాను పదిమంది ఒకే కాలంలో కలిసి అల్లే వేడుకలలో తామూ సూదులు పట్టుకొని పాల్గొన్నారు. ఆ వేడుకలలో ఇతరుల నమూనాలను అల్లినవారూ ఉన్నారు. అమ్మేవారు, కొనేవారు అన్న గోడ అక్కడ చాలా పలుచనిది. నేడు ప్రశ్న అడిగిన వ్యక్తి రేపు నమూనా రూపకర్త కావచ్చును.

ఊలు నుండి మన నూలుకు వచ్చినచో ఈ విషయం మరింత గంభీరమవుతుంది. 2019–20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, అనుబంధ పనులవారు 35.22 లక్షలమంది. వారి కుటుంబాలలో సుమారు మూడింట రెండువంతులకు నెలసరి ఆదాయం 5,000 రూపాయలకు లోపే. ఈ దుఃస్థితికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి, నేసినవానికి కట్టుకొనేవారు ఎవరో తెలియకపోవుట. షావుకారు నూలు ఇస్తాడు, నేతగాడు కూలికి నేస్తాడు, చీర చేతులు మారుతూ పట్నంలోని అద్దాల అంగడికి చేరుతుంది. అక్కడ దాని ధర చూచి కొనుగోలుదారు ఆశ్చర్యపోతుంది. తనకు దక్కిన కూలి చూచి నేతగాడు నిట్టూరుస్తాడు. ఒకరి మాట ఒకరికి వినబడదు.

2015లో బెంగళూరుకు చెందిన అంజు మౌద్గల్ కదమ్, ఆలీ మథన్ అనే ఇద్దరు మహిళలు ఏడాదిలో వందసార్లు చీర కట్టెదమని ఒడంబడిక చేసుకొని, ప్రతి చీర వెనుకనున్న జ్ఞాపకాన్ని చిత్రంతోపాటు సామాజిక మాధ్యమాలలో వ్రాయసాగినారు. దేశవిదేశాల స్త్రీలు వారితో చేరినారు. అమ్మమ్మ పెట్టెలోని గద్వాల, తొలి జీతంతో కొన్న వెంకటగిరి అంటూ వ్రాసినవి చదువుతున్నప్పుడు ఏది ఎక్కడ నేసినదన్న జిజ్ఞాస సహజంగా కలుగుతుంది. ఈ జిజ్ఞాసకు సమాధానం చెప్పగలిగినవాడు నేతగాడే.

పోచంపల్లి ఇక్కత్‌ను తీసుకొందాము. ఇందులో బట్ట నేసిన తరువాత అద్దకం వేయరు. దారం దశలోనే లెక్క ప్రకారం కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, ఆపై నేస్తారు. అందువలన డిజైను అంచులు కొంచెం జీరాడినట్లుంటాయి. చీర రెండు వైపులా రంగు ఒకే తీరున కనబడుతుంది. అద్దకపు నకిలీలో సాధారణంగా వెనుకవైపు వెలవెలబోతుంది. కట్లు కట్టుటకు ముందు దారాన్ని మేకుల చట్టంపై అటునిటు త్రిప్పే పనిని ఆసు పోయుట అంటారు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించవలసిన ఈ శ్రమలో తన తల్లి భుజాలు నొచ్చుట చూడలేక, ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని సిద్ధపరచినారు. 2017లో వారికి పద్మశ్రీ లభించినది. ఈ సంగతులు తెలిసిన స్త్రీకి చీర ధర వేరుగా కనబడుతుంది. బేరమాడరాదని ఎవరూ చెప్పనవసరం లేదు.

ఒక సమూహంలో ఒక గృహిణి తాను కొన్న చీర చిత్రాన్ని పెట్టి, ఇది నిజమైన పోచంపల్లియేనా అని అడిగినదనుకొందాము. అది నకిలీ, నా వద్ద కొనండి అనువాడు ఒకడు. ‘అమ్మా, చీర వెనుకవైపు ఫోటో కూడ పెట్టగలరా?’ అని అడిగి, చూచి, కారణసహితంగా చెప్పువాడు మరొకడు. అసలు పరీక్ష ఇక్కడ కాదు. ఆ చీర తన పోటీదారు నేసినదై, స్వచ్ఛమైనదై, తన ధరకంటె చవుకగా దొరికినదైతే ఏమి చెప్పవలెను? ‘మంచి నేత, సరైన ధరకే కొన్నారమ్మా’ అని నలుగురిలో అనగలిగినవాడే సమూహంలో నిజమైన సభ్యుడు. ఇది చెప్పినంత సులభం కాదు. ఇంటిలో అమ్ముడుపోని చీరలు మడతలుగా ఉన్నప్పుడు మరీ కష్టం. కాని ఆ మాట విన్న వందలమందికి, రేపు అతడు తన చీరను మంచిదన్నప్పుడు నమ్ముటకు ఆధారం దొరికినది. నీలిమందు రంగు తొలి రోజులలో ఒంటికి అంటుకొనుట సహజమని అమ్మకానికి ముందే చెప్పుట కూడ ఇట్టిదే. ముందు చెప్పినచో అది సమాచారం, ఫిర్యాదు వచ్చిన తరువాత చెప్పినచో సాకు.

దీనికి విరుద్ధమైన మార్గం కూడ ఉన్నది. మారుపేరుతో చేరి, కొనుగోలుదారువలె నటించి, తన సరుకును తానే పొగడుకొనుట. కొందరు దీనిని చాతుర్యమనుకొంటారు. ఇది వంచన. మన దేశంలో 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీచేసినది. ప్రశంసించేవారికి వ్యాపారితో గల సంబంధాన్ని వెల్లడింపవలెనని అవి నిర్దేశిస్తాయి. అదే ఏడాది నవంబరులో అంతర్జాల సమీక్షలకై భారతీయ ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణాన్ని విడుదల చేసినది. చట్టం మాట అటుంచినా, చిన్న సమూహంలో ఒకరినొకరు ఎరిగినవారి నడుమ మారువేషం ఎక్కువ కాలం నిలువదు. ‘నేను నేతగాడనే, ఈ విషయంలో నా స్వార్థం కూడ ఉన్నది’ అని తొలి పలుకులోనే చెప్పినవాని సలహాను జనం తూచి స్వీకరిస్తారు. అతనికి అంతకంటె కావలసినదేమి?

ఈ మార్గంలో కష్టనష్టాలు లేకపోలేదు. ఫోన్ చేతిలో ఉన్నంతసేపు నాడె కదలదు. అందువలన అనేక ఇండ్లలో చదువుకొన్న కొడుకో కోడలో సమాధానాలు వ్రాస్తున్నారు. పెద్దవారిని అడిగి వ్రాసినంతకాలం అది మేలే, అడగక ఊహించి వ్రాసినచో ముప్పు. కొత్త డిజైనును ఉత్సాహంతో అందరికీ చూపగా, అద్దకపు మిల్లులు దానిని కాపీచేసి చవుకగా అమ్మే ప్రమాదం మరొకటి. మగ్గంపైనున్న డిజైనును పూర్తిగా చూపక, పని విధానాన్ని మాత్రం వివరించి, చీరలు అమ్ముడైన పిదపనే చిత్రాలు బయటపెట్టుట వివేకం. నేత విద్యను పంచుకొనుట వేరు, రేపటి కూటిని పరుల పాలు చేయుట వేరు.

చాలామంది ఇట్టి సమూహాలలో వేలాదిమందిని ఆకర్షింపవలెనని ఆరాటపడతారు. ఒక మగ్గంపై నెలకు నాలుగు చీరలు దిగుతాయనుకొన్నచో, ఏడాదికి 48 చీరలు. మళ్ళీ మళ్ళీ కొనే 48 మంది దొరికినచో ఆ మగ్గం నిండినట్లే. 49వ వ్యక్తి వచ్చినప్పుడు, ఆమెను పొరుగింటి మగ్గానికి పంపవచ్చును.