సెల్‌ఫోనునకు విద్యుత్తు ఎట్లు ఎక్కును?

1902లో కావేరీ తీరమందలి శివనసముద్రము నుండి మన క్యాసంబళ్ళికి చేరువనున్న కోలారు బంగారు గనులకు సుమారు 92 మైళ్ళు తీగలపై విద్యుత్తు వచ్చెను. తీగ విడిచినను పని చేయవలెనన్న దానిని నిలువచేయవలెను. సెల్‌ఫోనులో ఆ పని బ్యాటరీది.

మన యిండ్లలోని 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును సాధారణ చార్జరు 5 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మార్చును. అది లిథియం అయాన్లను బ్యాటరీలో ఒక ధ్రువము నుండి రెండవ ధ్రువమునకు తోలును. ఫోను వాడునపుడు అవి వెనుకకు మరలును.

చార్జింగు ఎక్కనిచో మొదట వేరొక తీగతో చూతము. పిమ్మట ఫోను ఆపి, రంధ్రములోని దుమ్మును పొడి కొయ్యపుల్లతో మెల్లగా తీయుదము, పిన్నీసు తగదు. ఫోను మిక్కిలి వేడెక్కినచో తీగ తీసి చల్లారనిత్తము.

చార్జింగులోనున్న ఫోనును దిండు క్రింద ఉంచరాదు. బ్యాటరీ ఉబ్బినచో చార్జి చేయక, పొడవక, వెంటనే పెద్దలకు చెప్పవలెను. ఫోను పోయిన కొనవచ్చును. ఇల్లు కాలిన తిరిగిరాదు.