పంచాయతీ కార్యాలయములో రెండవ కంప్యూటరు

పంచాయతీ పనులన్నియు ఒక్క కంప్యూటరుతో జరుపుట నేడు కష్టము. జమాఖర్చులను, అభివృద్ధి ప్రణాళికను 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో నమోదు చేయవలెను. ఇంటిపన్ను లెక్కలు, ప్రజల అర్జీలు వేరుగా ఉండనే ఉన్నవి. అందుచేత పంచాయతీలు రెండవ కంప్యూటరును సమకూర్చుకొనుచున్నవి.

అయితే మొదటి బల్లపై చక్కగా నడచు ఇంటర్నెట్టు, ప్రక్కగదిలోని రెండవ బల్ల చేరుసరికి తడబడుట కద్దు. దీని ఫలితమును అనుభవించువారెవరు? ఒక పూట కూలి మానుకొని కాగితముకొరకు వచ్చిన మనిషి, "లైను లేదు, రేపు రండి" అను మాట విని మరలిపోవును. మరునాడు మరియొక పూట కూలి పోవును. కావున ఇది యంత్రములకు సంబంధించిన చిన్న విషయమని సభ్యులు ఉపేక్షింపరాదు.

లోపము ఎక్కడ నున్నది?

కాలువ నిండుగా పారుచున్నను, పొలములోని బోదె సరిగా లేనిచో చివరి మడి ఎండిపోవుట రైతులకు తెలిసినదే. ఇంటర్నెట్టు విషయమును అట్టిదే. గ్రామ పంచాయతీలకు గాజుతీగ లైనులను చేర్చుటకై కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. లైను కార్యాలయపు గోడవరకు బాగుగనే వచ్చియుండవచ్చును. అచ్చటినుండి రెండవ బల్లవరకు గల ఇరువది, ముప్పది అడుగులలోనే తరచు లోపముండును.

ఆ కొద్ది దూరమును సాధారణముగా వైఫైకి విడిచిపెట్టుదురు. వైఫై రేడియో తరంగములచే పనిచేయును. దళసరి రాతిగోడలు, కాంక్రీటు, ఇనుప బీరువాలు ఆ తరంగములను బలహీనపరచును. ఇరుగుపొరుగు వైఫైలు కూడ అడ్డు తగులును. తీగకు ఈ చిక్కులు లేవు.

డబ్బు ఖర్చు పెట్టుటకు ముందు ఒక పరీక్ష చేయవలెను. రెండవ కంప్యూటరును రౌటరు, అనగా లైనును యంత్రములకు పంచిపెట్టు పెట్టె, ప్రక్కకు తెచ్చి పొట్టి కేబులుతో కలుపవలెను. అచ్చట బాగుగా పనిచేసినచో లోపము నడుమ దూరములోనిదే. అచ్చటను నిదానముగానే ఉన్నచో, ముందుగా లైను ఇచ్చినవారికి ఫిర్యాదు చేయవలెను.

కావలసిన సామగ్రి

రెండవ కంప్యూటరునకు వేరొక కనెక్షను తీసికొన నవసరము సాధారణముగా లేదు. రౌటరు వెనుక లాన్ అని వ్రాసిన రంధ్రము ఖాళీగా నున్నచో దానినుండియే కేబులు లాగవచ్చును. ఖాళీ లేనిచో ఐదు రంధ్రముల చిన్న నెట్‌వర్కు స్విచ్ చాలును.

క్యాట్-5ఇ లేక క్యాట్-6 రకపు కేబులు కొనవలెను. ఇందు 8 సన్నని తీగలు 4 జతలుగా మెలివేయబడి యుండును. 100 మీటర్ల దూరమువరకు సెకనుకు 1,000 మెగాబిట్ల వేగమును ఇది మోయగలదు. తీగలు పూర్తిగా రాగివై యుండవలెను. అల్యూమినియముపై రాగిపూత పూసిన కేబులు చవుకగా దొరకును గాని, అది సులభముగా విరుగును, దానిని కొనరాదు.

తీగను పరచు విధము

కేబులు రెండు చివరల బిగించు ఆర్‌జె-45 తొడుగులలో రంగుల వరుస ఒకటిగానే ఉండవలెను. వాడుకలో నున్న వరుస యిది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలము, తెలుపు-నీలము, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఒక్క తీగ సరిగా అంటకున్నను 1,000 మెగాబిట్ల వేగము 100కు పడిపోవచ్చును, లేదా లైను పూర్తిగా ఆగిపోవచ్చును.

కేబులును ప్లాస్టికు గొట్టములో పరచినచో ఎలుకల బెడద తగ్గును. కరెంటు తీగలున్న గొట్టములో దీనిని ఎన్నడును దూర్చరాదు. తలుపు సందున నలుగనీయరాదు. మూలలయందు మడతపడునట్లు వంచరాదు.

రెండవ కంప్యూటరు వేరొక భవనములో నున్నచో రాగి కేబులును ఆరుబయట లాగుట మంచిది కాదు. పిడుగుపాటు వలన రెండు చోట్ల యంత్రములును కాలిపోవచ్చును. అట్టిచోట లోహము లేని గాజుతీగ కేబులే శ్రేయస్కరము.

కరెంటు పోయినప్పుడు కంప్యూటరునకు మాత్రమే బ్యాటరీ ఉన్న చాలదు. గాజుతీగ పెట్టె, రౌటరు, స్విచ్ ఈ మూడును ఇన్వర్టరుపై నడువవలెను.

సభ్యుల బాధ్యత

తీగ వేసినంతమాత్రమున బయటి లైను వేగము పెరుగదని గ్రహింపవలెను. లైను 30 మెగాబిట్లదైనచో రెండు కంప్యూటర్లును ఆ 30నే పంచుకొనును. తీగవలన కలుగు లాభము నిలుకడ.

పని ముగిసిన పిదప బిల్లు మంజూరు చేయుటకు ముందు, ఒక సభ్యుడు స్వయముగా రెండు బల్లలవద్దను వేగమును పరీక్షించి, ఆ అంకెలను రిజిస్టరులో వ్రాయించవలెను. మరల ఎన్నడైన లైను తడబడినచో, లోపము బయటిదో లోపలిదో ఆ అంకెలే తెలుపును. ఇద్దరు పిల్లలు చదువుకొను ఇంటికిని ఈ పద్ధతియే వర్తించును. అడిగినవారికి సభ్యులు తెలియజెప్పవచ్చును.

కొన్ని గజముల మంచి కేబులుతో, ఒకపూట పనితో తీరు కొరత యిది. పేదవాని ఒకనాటి కూలిని నిలుపు ఈ పనిని రాబోవు సమావేశముననే చర్చకు తెచ్చుట ఉచితము.