పక్క వేషాల పాఠాలు

‘హీరో వేషం రాకపోతే ఎలా బాబాయ్?’ అని కొత్తగా వచ్చే పిల్లలు అడుగుతుంటారు. తండ్రిగా, మునసబుగా, ప్లీడరుగా, విలన్ పక్కన మనిషిగా వేషాలేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. హీరో మాటను జనం నమ్మేది, అది విన్నవాడి మొహం చూసే. ఆ మొహమే మన ఉద్యోగం.

1. ముందు వినడం నేర్వాలి. నా వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకునే కళ్లను కెమెరా ఇట్టే పట్టేస్తుంది. ‘ఈ పెళ్లి నాకొద్దు నాన్నా’ అని కూతురంటే వెంటనే గుండె పట్టుకోనక్కర్లేదు. కాఫీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగితే చాలు. అయితే ఏ చేత్తో పట్టుకున్నామో, కాఫీ ఎంతవరకు ఉందో గుర్తుండాలి. భోజనాల తరవాత మన క్లోజప్ తీసేటప్పుడు అదే చెయ్యి, అంతే ఎత్తుకు లేవాలి. షాట్లు అతక్కపోతే ఎడిటింగులో ఎగిరిపోయేది మన ముక్కే.

2. క్లోజప్ ఎదుటివాళ్లదైతే కెమెరా పక్కన నిలబడి మన డైలాగు మనమే అందివ్వాలి. అసిస్టెంటు డైరెక్టరు చేతిలో కాగితం పెట్టి కుర్చీ వెతుక్కుంటే, అవతలివాళ్లు ఎవరిని చూసి ఏడుస్తారు?

3. వయసు దగ్గర పంతం వద్దు. ‘మాయాబజార్’ (1957)లో కృష్ణుడు ఎన్టీఆర్, అన్న బలరాముడు గుమ్మడి. నిజానికి ఎన్టీఆర్ పుట్టింది 1923లో, గుమ్మడి 1927లో. నాలుగేళ్లు చిన్నవాడు అన్నగా నిలబడితే ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దరికం తెల్ల విగ్గుతో రాదు. కూర్చునే తీరులో, మాట విరిచే తీరులో వస్తుంది.

4. యాసను వెక్కిరించకూడదు. కోట శ్రీనివాసరావుది కృష్ణా జిల్లా కంకిపాడు. ‘ప్రతిఘటన’ (1985)లో తెలంగాణ యాసలో మంత్రి కాశయ్యగా ఆయన నవ్వించాడు, భయపెట్టాడు కూడా. ఏ ఊరి మాటైనా ఆ ఊరి బస్టాండులో కూర్చుని వింటేనే పట్టుబడుతుంది. నాలుగు పదాలు అరువు తెచ్చుకుని నోరు వంకర తిప్పితే అది ఎగతాళి అవుతుంది.

5. ఒకే రకం వేషాలొస్తున్నాయని కుమిలిపోకూడదు. సూర్యకాంతం అనగానే గయ్యాళి అత్తే. కానీ ‘గుండమ్మ కథ’ (1962)లో ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉండగా సినిమా పేరు ఆవిడ పాత్రదే అయింది. సవతి కూతుర్ని కాల్చుకుతినే ఆ గుండమ్మే ఛాయాదేవి చేతికి చిక్కి అల్లాడుతుంటే జాలేస్తుంది. మూస ఒకటే, లోపల మనిషి వేరు. ఆ తేడా చూపించే బాధ్యత మనదే.

6. ఖాళీ నెలలకు సిద్ధంగా ఉండాలి. అల్లు రామలింగయ్యకు హోమియో వైద్యం ఉండేది. కోట బ్యాంకు ఉద్యోగం నుంచి వచ్చాడు. ఇంకో ఆధారం ఉన్నవాడు నచ్చని వేషాన్ని మర్యాదగా వద్దనగలడు. ఇంకో మాట: బాకీ డబ్బింగుకు ముందే అడగాలి. డబ్బింగ్ అయిపోయాక మన గొంతూ వాళ్ల దగ్గరే, మన డబ్బూ వాళ్ల దగ్గరే. చెల్లని చెక్కులు నా బీరువాలోనూ ఉన్నాయి.

7. అవార్డు లెక్క వేరేగా వేసుకోవాలి. ‘యజ్ఞం’ (1991)లో నటనకు పి.ఎల్. నారాయణకు జాతీయ ఉత్తమ సహాయ నటుడి పురస్కారం వచ్చింది. అంతటి గౌరవం ఏ కొద్దిమందికో దక్కుతుంది. తక్కినవాళ్లకు ప్రొడక్షన్ మేనేజరు ఫోనే అవార్డు. మొదటిసారి చేశాడంటే ఎవరో మన పేరు చెప్పి ఉంటారు. రెండోసారీ చేశాడంటే టైముకు వచ్చాం, ఎదుటివాళ్ల సీను నిలబెట్టాం అని అర్థం. ఆ రెండో ఫోను కోసం పనిచెయ్యండి.