బుడుగు కథలు చదువుదాం

అక్కలారా! మీకు అక్షరాలు వచ్చాయి. అయినా పిల్లల ముందు పుస్తకం తియ్యాలంటే, తప్పు చదివితే నవ్వుతారేమో అని జంకుతారు. అయితే బుడుగు పుస్తకం తియ్యండి. అది నవ్వడానికే ఉంది.

బుడుగు అల్లరి పిల్లాడు. ముళ్ళపూడి వెంకటరమణ గారు 1950లలో ఈ కథలు రాశారు. బాపు గారు బొమ్మలు వేశారు. అమ్మ రాధ, నాన్న గోపాళం, బామ్మ, ప్రైవేటు మాస్టారు... అందరి గుట్టూ బుడుగే చెబుతాడు.

బుడుగుతో ఆడుకునే పాప పేరు సీగానపెసూనాంబ. అమ్మో, ఎంత పేరు! విడదీసి చదవండి.

సీ - గా - న - పె - సూ - నాం - బ.

వచ్చిందా? అసలు పేరు శ్రీ జ్ఞాన ప్రసూనాంబ. పిల్లల నోట ఒత్తులు పలకవు కదా! ఈ పుస్తకంలో చాలా మాటలు ఇలాగే, నోటితో అన్నట్టే ఉంటాయి. అవి అచ్చుతప్పులు కావు.

ముందు బొమ్మ చూడండి. తరువాత ఒక పేజీ మీరు, ఒక పేజీ మీ పాప చదవండి. బామ్మ మాటలు వచ్చినప్పుడు మీ అత్తగారిని కూడా పిలవండి.